మోడల్ కిట్లకి రోటరీ టూల్ కొంటున్నారా? మాక్సిమమ్ స్పీడ్ కాదు, మినిమమ్ స్పీడ్ చూడండి

ఫోన్ కొనేటప్పుడు స్పెక్ షీట్‌లో మన కళ్లు పెద్ద అంకె కోసమే వెతుకుతాయి. ఎక్కువ ఎంఏహెచ్, ఎక్కువ మెగాపిక్సెల్, ఎక్కువ హెర్ట్జ్. అదే అలవాటుతో నేను నా మొదటి రోటరీ టూల్ కొన్నాను. డబ్బా మీద 35,000 ఆర్‌పీఎం అని ఇంత లావు అక్షరాలతో ఉంది. ఇంకేం కావాలి అనుకున్నా. వచ్చిన రెండో రోజే దాంతో ఒక ట్యాంక్ ఫిరంగి మూతిని కరిగించి పారేశాను.

కథ ఏంటంటే, మా పెద్ద మావయ్య ఆర్మీలో ట్యాంక్ డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆయన నడిపింది అజేయ. టీ-72ఎం1 ట్యాంక్‌కి మన ఆర్మీ పెట్టుకున్న పేరు అది. చెన్నై దగ్గర ఆవడి ఫ్యాక్టరీలో వీటిని తయారు చేశారు. టామియా కంపెనీకి 1/35 స్కేల్‌లో ఇదే ట్యాంక్ కిట్ ఉంది. మావయ్య షష్టిపూర్తికి అది కట్టి ఇద్దామని ప్లాన్. అసలు ఫిరంగి లోపలి వ్యాసం 125 మి.మీ., అంటే మోడల్‌లో 3.6 మి.మీ. దాకా రావాలి. మూతి రంధ్రం ఇంకాస్త లోతుగా ఉంటే బాగుంటుందనిపించి, 3 మి.మీ. బర్ బిగించి, స్పీడ్ డయల్ అన్నిటికంటే తక్కువలో పెట్టి ఆనించాను. రెండు సెకన్లు. కాలిన వాసన వచ్చింది, బర్ చుట్టూ బూడిద రంగు పీచుమిఠాయి చుట్టుకుంది, మూతి ఓ పక్కకి వంగిపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత మాన్యువల్ తీసి చూస్తే అర్థమైంది. ఆ టూల్‌లో "అన్నిటికంటే తక్కువ" అంటే 10,000 ఆర్‌పీఎం. ఆ అంకె డబ్బా మీద ఎక్కడా లేదు.

ప్లాస్టిక్ ఎందుకు కరుగుతుంది

మోడల్ కిట్లలో ఎక్కువ భాగం పాలీస్టైరీన్. ఇది దాదాపు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది. ఇడ్లీ ఉడికే వేడి చాలన్నమాట. పైగా ఇది వేడిని అస్సలు పక్కకి పంపదు. అల్యూమినియంతో పోలిస్తే వెయ్యో వంతు కూడా పంపదు. అందుకే బర్ తాకిన చోట పుట్టిన వేడి అక్కడే కూర్చుంటుంది. పార్ట్‌ని పట్టుకున్న వేలికి చల్లగానే ఉంటుంది, బర్ కింద మాత్రం పాకం.

వేడి ఎంత పుడుతుందనేది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: మీరు ఎంత గట్టిగా నొక్కుతున్నారు, బిట్ అంచు ఎంత వేగంగా రాసుకుంటూ పోతోంది. అంచు వేగం ఆర్‌పీఎం ఒక్కదాంతో తేలదు, బిట్ వ్యాసం కూడా కలుస్తుంది. ఒక్కసారి లెక్క వేసి చూడండి. 3 మి.మీ. బర్ 15,000 ఆర్‌పీఎం దగ్గర తిరిగితే అంచు వేగం సెకనుకి 2.4 మీటర్లు. 1,500 దగ్గర అయితే 0.24 మీటర్లు. ఇప్పుడు చాలా సెట్లతో ఫ్రీగా వచ్చే 13 మి.మీ. సాండింగ్ డ్రమ్ తీసుకోండి. అది 5,000 దగ్గరే సెకనుకి 3.4 మీటర్లు పరిగెడుతుంది. అంటే "స్లో స్పీడ్"లో తిరిగే పెద్ద డ్రమ్, 20,000 దగ్గర తిరిగే చిన్న బర్ కంటే ఎక్కువ రాపిడి ఇస్తుంది. 22 మి.మీ. కటింగ్ డిస్క్ సంగతి ఇంకా ఘోరం. 10,000 దగ్గర సెకనుకి 11 మీటర్లు దాటేస్తుంది. దాంతో స్టైరీన్‌ని కోయాలని చూస్తే కోసిన గీత వెనకాలే కరిగి మళ్లీ అతుక్కుంటుంది. ఆ పనికి సన్న పళ్ల చేతి రంపం ఎప్పటికీ బెటర్.

కోత, రాపిడి రెండూ ఒకటి కాదు. పదునైన పెద్ద పళ్ల బర్ మెల్లగా తిరిగితే ప్లాస్టిక్‌ని చిన్న చిన్న పొట్టులా లేపేస్తుంది, పుట్టిన వేడిలో కొంత ఆ పొట్టుతోనే పోతుంది. అదే బర్ వేగంగా తిరిగితే, లేదా మొద్దుబారితే, పొట్టు రాదు, పేస్ట్ వస్తుంది. పని చేస్తుంటే కింద పడుతున్నది పొట్టా, దారాలా అని చూసుకోండి. దారాలు కనిపిస్తే స్పీడ్ తగ్గించాల్సిందే.

స్పెక్ షీట్ ఇలా చదవండి

నాకు ప్లాస్టిక్ మీద పని సాఫీగా జరిగేది 500 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్యలో. బిట్ 2 మి.మీ. కంటే చిన్నదైతే 5,000 దాకా పర్వాలేదు. ఇప్పుడు మార్కెట్లో పేరున్న టూల్స్ చూద్దాం. డ్రెమెల్ 4000 రేంజ్ 5,000 నుంచి 35,000. పెన్నులా ఉండే డ్రెమెల్ స్టైలో ప్లస్ 5,000 నుంచి 22,000. యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే డ్రెమెల్ లైట్ 8,000 నుంచి 25,000. జర్మనీ కంపెనీ ప్రాక్సాన్ వాళ్ల మైక్రోమాట్ 50/ఈ 5,000 నుంచి 20,000. ఇవేవీ చెడ్డ టూల్స్ కావు. చెక్క, లోహం, టైల్స్ మీద బాగా పనిచేస్తాయి. కానీ మనకి కావాల్సిన స్పీడ్ దగ్గర ఇవి ఇంకా స్టార్టే అవ్వవు.

కాబట్టి మోడల్స్ కోసమే కొంటుంటే వేరే షెల్ఫ్ వైపు చూడాలి. నా టేబుల్ మీద ఇప్పుడున్నవి ఎక్కువగా వేరే పనుల కోసం తయారైనవే.

మొదటిది బ్యూటీ పార్లర్లలో గోళ్లకి వాడే నెయిల్ డ్రిల్ మెషీన్. నవ్వకండి, నిజంగానే మోడలర్లకి ఇది పెద్ద వరం. గోరు మీద వాడేది కాబట్టి దాదాపు సున్నా నుంచి మెల్లగా పెంచుకునే నాబ్ ఉంటుంది. మోటారు బరువంతా చేతిలో ఉండదు, కంట్రోల్ బాక్స్ టేబుల్ మీద ఉంటుంది, హ్యాండ్‌పీస్ లావుపాటి స్కెచ్ పెన్నంత. చాలావాటిలో తిరిగే దిశ మార్చే స్విచ్, కాలితో నొక్కే పెడల్ కూడా వస్తాయి. బిట్ కాడ సైజు 2.35 మి.మీ. ఒక జాగ్రత్త: చవక మెషీన్ల డిస్‌ప్లే మీద కనిపించే ఆర్‌పీఎంని కొలిచిన అంకె అనుకోకండి, అది ఎక్కువగా నాబ్ ఎంత తిప్పారో చెప్పే అంకె. నొక్కినప్పుడు బిట్ నీరసపడుతున్నా డిస్‌ప్లే మాత్రం ధీమాగా అదే చూపిస్తుంటుంది.

రెండోది ఫోన్ రిపేర్ వాళ్లు వాడే చిన్న ఎలక్ట్రిక్ స్క్రూడ్రైవర్. గేర్‌బాక్స్ ఉంటుంది కాబట్టి స్పీడ్ కొన్ని వందల ఆర్‌పీఎం మాత్రమే, టార్క్ మాత్రం బాగుంటుంది. 4 మి.మీ. ఆరుపలకల కాడ ఉన్న చిన్న చక్ దొరికితే 0.8 నుంచి 2 మి.మీ. రంధ్రాలకి ఇంతకంటే హాయైనది లేదు. చెక్కడానికి, సాండింగ్‌కి పనికిరాదు. టామియా వాళ్లది కూడా బ్యాటరీలతో నడిచే హ్యాండీ డ్రిల్ ఒకటి ఉంది, మనమే విడిభాగాలు బిగించుకోవాలి. టూల్‌ని కూడా మోడల్ కిట్‌లా కట్టుకోవడం సరదాగానే ఉంటుంది.

వెయ్యి రూపాయల లోపు దొరికే యూఎస్‌బీ ఎన్‌గ్రేవర్ పెన్నుల గురించి చాలామంది అడుగుతుంటారు. నేను కొన్నదానికి మూడు స్పీడ్‌లు, బటన్ నొక్కితే మారతాయి. డబ్బా మీద అంకెకి, నేను కొలిచినదానికి చాలా తేడా వచ్చింది. నిజానికి తక్కువ రావడం మనకి మంచిదే! కానీ కాస్త నొక్కితే చాలు, ఆగిపోతుంది. మెరుగు పెట్టడానికి ఉంచుకున్నాను, అంతే.

ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి స్పీడ్ తగ్గించొచ్చా?

ఇంట్లో ఇప్పటికే పెద్ద రోటరీ టూల్ ఉన్నవాళ్లకి వచ్చే మొదటి ఐడియా ఇదే. నాకూ వచ్చింది. వద్దు.

కరెంటు వైరుతో వచ్చే పెద్ద టూల్స్‌లో మామూలుగా ఉండేది యూనివర్సల్ మోటారు, మన మిక్సీలో ఉండేది కూడా అదే రకం. సీలింగ్ ఫ్యాన్‌లో ఉండేది ఇండక్షన్ మోటారు, దాని వ్యవహారం వేరు. ఇప్పటి స్టెప్ రెగ్యులేటర్లు కెపాసిటర్లతో ఫ్యాన్‌కి అందే వోల్టేజ్ తగ్గిస్తాయి. యూనివర్సల్ మోటారుకి అలా తగ్గిస్తే గాలిలో తిరిగేటప్పుడు మెల్లగా బాగానే కనిపిస్తుంది. ప్లాస్టిక్‌కి ఆనించగానే ఆగిపోతుంది. ఆగిందని మీరు నాబ్ పెంచుతారు, బిట్ విడిపించుకుని ఒక్కసారిగా లేస్తుంది, పార్ట్ చేతిలోంచి ఎగిరిపోతుంది. ఇంకోటి, మోటారుని చల్లబరిచే చిన్న ఫ్యాన్ కూడా అదే షాఫ్ట్ మీద ఉంటుంది. మోటారు మెల్లగా తిరిగితే ఫ్యాన్ కూడా మెల్లగానే తిరుగుతుంది, టూల్ వేడెక్కుతుంది. టూల్ లోపల ఇప్పటికే స్పీడ్ కంట్రోల్ సర్క్యూట్ ఉంటే బయట ఇంకో రెగ్యులేటర్ పెట్టడం రెండిటికీ నష్టమే.

మంచి టూల్స్‌లో ఫీడ్‌బ్యాక్ ఉంటుంది. మీరు నొక్కినప్పుడు స్పీడ్ తగ్గితే సర్క్యూట్ అది గమనించి పవర్ పెంచుతుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఆటోస్కేలింగ్. డ్రెమెల్ 4000లో ఇది ఉంది. కొనేముందు ప్రొడక్ట్ పేజీలో ఈ ఫీచర్ ఉందో లేదో వెతకండి. మన పనికి 35,000 కంటే ఇది వంద రెట్లు ముఖ్యం.

సొంతంగా కట్టుకుందాం అనుకునేవాళ్లకి దారి డీసీ మోటారు. డీసీ మోటారు స్పీడ్ వోల్టేజ్‌ని బట్టి మారుతుంది కాబట్టి కంట్రోల్ తేలిక. కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. వోల్టేజ్ సగం చేస్తే స్పీడ్ సగమవుతుంది, గరిష్ఠ టార్క్ కూడా సగమవుతుంది. 18,000 ఆర్‌పీఎం మోటారుని 2,000 దగ్గర తిప్పాలంటే వోల్టేజ్ తొమ్మిదో వంతుకి దించాలి, బలం కూడా తొమ్మిదో వంతే మిగులుతుంది. అందుకే వేగమైన మోటారుని కొని గొంతు నొక్కడం కంటే, స్వతహాగా నెమ్మదైన మోటారుని గానీ గేర్‌బాక్స్ ఉన్నదాన్ని గానీ కొని స్వేచ్ఛగా నడపడం మేలు. వేలంత ఉండే ఎన్20 గేర్ మోటార్లు రకరకాల స్పీడ్‌లలో దొరుకుతాయి. నేను నాది హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకున్నా. షాఫ్ట్‌కి సరిపోయే చిన్న చక్, ఒక స్విచ్, పాత మార్కర్ పెన్ను గొట్టం. సాయంత్రంలో తయారైపోయింది.

పవర్ కోసం మన దగ్గర పడి ఉన్న ఫోన్ ఛార్జర్లు వాడుకోవచ్చు. యూఎస్‌బీ పీడీ ఛార్జర్‌కి ట్రిగ్గర్ బోర్డు తగిలిస్తే 9, 15, 20 వోల్టులు అడిగి తెచ్చుకుంటుంది. 12 వోల్టులు అన్ని ఛార్జర్లూ ఇవ్వవు, అది ముందే ఛార్జర్ మీద చిన్న అక్షరాల్లో చూసుకోండి. మోటారు ఒక్కసారిగా స్టార్ట్ అయినప్పుడు కరెంట్ ఎక్కువ లాగి ఛార్జర్ తనంతట తానే ఆపేసుకోవచ్చు, అందుకని నాబ్‌ని సున్నా నుంచి పెంచాలి. నాబ్ కోసం పీడబ్ల్యూఎం స్పీడ్ కంట్రోలర్ బోర్డు వాడితే మంచిది. అది పూర్తి వోల్టేజ్‌నే చిన్న చిన్న దెబ్బలుగా ఇస్తుంది కాబట్టి బాగా తక్కువ స్పీడ్‌లో కూడా మోటారు బిగుసుకుపోకుండా కదులుతుంది. సొంత లిథియం బ్యాటరీ, సొంత సర్క్యూట్ ఉన్న టూల్స్‌కి మాత్రం ఇవేవీ తగిలించొద్దు.

అసలు ఎంత స్పీడ్‌లో తిరుగుతోంది? మీ ఫోన్‌తో కొలవండి

చక్ మీద నల్ల మార్కర్ పూసి, ఒకే ఒక తెల్ల చుక్క పెట్టండి. పగటి ఎండలో 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో వీడియో తీయండి. తర్వాత ఫ్రేమ్ ఫ్రేమ్‌గా జరుపుతూ చుక్క పది రౌండ్లు తిరగడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో లెక్కపెట్టండి. 1,44,000ని ఆ సంఖ్యతో భాగిస్తే ఆర్‌పీఎం వచ్చేస్తుంది. 48 ఫ్రేములు పడితే 3,000 అన్నమాట.

ఇది 7,200 లోపే నమ్మండి. ఆపైన ఒక రౌండ్‌కి రెండు ఫ్రేములు కూడా దొరకవు, చుక్క వెనక్కి తిరుగుతున్నట్టు మోసం చేస్తుంది. సరిగ్గా 14,400 దగ్గర అయితే చుక్క కదలకుండా నిలబడి ఉంటుంది! కొన్ని ఫోన్లు 960 ఎఫ్‌పీఎస్ అని చెప్పి మధ్యలో ఫ్రేములు కల్పిస్తాయి, ఆ మోడ్ వాడొద్దు. ఎక్కువ స్పీడ్‌కి ఆడియో స్పెక్ట్రమ్ యాప్ నయం. మైక్ దగ్గర టూల్ పెడితే గ్రాఫ్‌లో కొన్ని శిఖరాలు లేస్తాయి. మామూలుగా వాటిలో అన్నిటికంటే కింది ఫ్రీక్వెన్సీ తిరిగే వేగానిది, దాన్ని 60తో గుణించండి. 83 హెర్ట్జ్ వస్తే 5,000.

ఇదే మోసం ఇంట్లో లైట్ల కింద కూడా జరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. 6,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్న చక్ వాటి కింద ఆగిపోయినట్టు కనిపించవచ్చు. ఆగింది కదా అని వేలు పెట్టకండి.

బిట్, చెయ్యి

నెయిల్ డ్రిల్‌కి, చాలా డెంటల్ హ్యాండ్‌పీస్‌లకి కాడ సైజు ఒక్కటే, 2.35 మి.మీ. కాబట్టి డెంటల్ సామాన్ల షాపులో దొరికే హెచ్‌పీ రకం బర్‌లు నేరుగా సరిపోతాయి. గుండ్రని స్టీల్ బర్ లేదా పెద్ద పళ్ల కార్బైడ్ బర్ తీసుకోండి. సన్న డైమండ్ బిట్లు స్టైరీన్ మీద నిమిషంలో మూసుకుపోతాయి. డ్రెమెల్ ఉన్నవాళ్లు 2.4 మి.మీ. కోలెట్ వేసుకుంటే ఇవే బర్‌లు అందులో కూడా పడతాయి. సర్క్యూట్ బోర్డుల కోసం చేసిన సన్న కార్బైడ్ డ్రిల్ బిట్లు ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపిస్తాయి. చేతితో పట్టుకున్న టూల్‌లో అవి కొంచెం వంగినా పుటుక్కున విరుగుతాయి, ముక్క కంటి వైపే వస్తుంది. కళ్లజోడు తప్పనిసరి.

చక్ నిటారుగా తిరుగుతోందో లేదో కొనగానే చూడండి. సన్న బిట్ పెట్టి మెల్లగా తిప్పితే కొన ఒక్క చుక్కలా కనబడాలి. చిన్న సున్నా గీస్తున్నట్టు కనిపిస్తే 1 మి.మీ. లోపు పనులకి ఆ టూల్ పనికిరాదు, రిటర్న్ విండో దాటకముందే వెనక్కి పంపేయండి.

పని చేసేటప్పుడు రెండు సెకన్లు ఆనించడం, తీయడం. మళ్లీ రెండు సెకన్లు. టూల్ బరువుకి మించి నొక్కొద్దు. ఇటు టూల్ పట్టిన చేతి చిటికెన వేలు, అటు పార్ట్ పట్టిన చేతికి ఆనుకుని ఉండాలి, అప్పుడు బర్ జారినా రెండు చేతులూ కలిసే కదులుతాయి. బర్ తిరిగే దిశలో దానంతటదే పరిగెత్తాలని చూస్తుంది, మీరు దానికి ఎదురుగా లాగితే అదుపులో ఉంటుంది. బర్‌కి ప్లాస్టిక్ అతుక్కుంటే దాన్ని టూల్ నుంచి తీసి, కాసేపు అసిటోన్‌లో పడేయండి, స్టైరీన్ కరిగిపోతుంది. కిటికీ తెరిచి, మంటకి దూరంగా.

రెజిన్ పార్ట్స్ అయితే కరగవు, కానీ దుమ్ము చాలా సన్నగా లేస్తుంది. ఎన్95 మాస్క్ లేకుండా రెజిన్ జోలికి పోవద్దు. వీలైతే తడిపి చేతితోనే అరగదీయండి.

ఇంత చెప్పాక ఒక నిజం కూడా చెప్పాలి. స్ప్రూ నుంచి కోసిన మచ్చలు తీయడానికి, అతుకు గీతలు చదును చేయడానికి నేను ఇప్పటికీ మోటారు వాడను. నిప్పర్, ఫైల్, సాండింగ్ స్టిక్. రోటరీ టూల్ పని లోపలి వైపు దళసరి ప్లాస్టిక్ పలచన చేయడం, పెద్ద రంధ్రాలు లోతు చేయడం, అడ్డొచ్చే దిమ్మలు తీసేయడం వరకే. అజేయ పైన ఉండే మెషీన్ గన్ 12.7 మి.మీ., మోడల్‌లో దాని రంధ్రం 0.36 మి.మీ. అది చేతి పిన్ వైజ్‌తోనే పెట్టాను, ఊపిరి బిగపట్టి.

కరిగిన మూతి సంగతి అడుగుతారేమో. వంగిన చివరి ముక్కని చేతి రంపంతో కోసేసి, సరిపోయే స్టైరీన్ గొట్టం అతికించి, ఆరిన మర్నాడు నెయిల్ డ్రిల్‌ని 1,500 దగ్గర పెట్టి లోపల శుభ్రం చేశాను. ఈసారి పొట్టే రాలింది. షష్టిపూర్తి రోజు మావయ్య మోడల్‌ని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూశారు. నేను మూతి గురించి చెప్పబోతుంటే ఆయన వేలు ముందున్న డ్రైవర్ హాచ్ మీద ఉంది. "ఇది మూస్తే లోపల ఎంత ఉక్కగా ఉండేదో తెలుసారా" అన్నారు.